ముట్టుకోనిది

ఆ ఎండాకాలం మా లాండ్రీలో ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు పెట్రోలు వాసనతో వెనక్కి రావడం మొదలైంది. మొదట తెచ్చినవాడు లాడ్జి మేనేజరు. ముప్ఫై దుప్పట్లు బల్ల మీద కుప్పగా పడేసి, "వీటి మీద పడుకుని ఎవడైనా సిగరెట్టు వెలిగిస్తే నా లాడ్జి గతేం కాను?" అన్నాడు.

అన్నయ్య ఒక దుప్పటి అంచు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. వెనక్కి తిరగకుండానే, "ఏమే!" అని కేకేశాడు.

వదిన ఆవిరి గదిలోంచి తడి చేతులతో వచ్చింది.

"మరకలు తీసే పెట్రోలు సీసా ఎక్కడ ఒలకబోశావు?"

"ఈ వారం దాని మూత కూడా తియ్యలేదండీ."

"అయితే ఈ వాసన మీ నాన్న పార్సిల్లో పంపించాడా?"

మేనేజరు ఫక్కున నవ్వాడు. ఎదురుగా నవ్వేవాడు ఒకడుంటే అన్నయ్య నోటికి పట్టపగ్గాలుండవు. వదిన ముక్కు పనికిరాదన్నాడు, బుర్ర అంతకన్నా పనికిరాదన్నాడు, పాతికేళ్ళుగా తను మోస్తున్నది సంసారాన్ని కాదు, ఒక తడిగుడ్డల మూటనన్నాడు. ఆ ముప్ఫై దుప్పట్లూ మళ్ళీ మరగబెట్టి, చేత్తో ఉతకమన్నాడు. మిషన్లో వెయ్యడానికి వీల్లేదన్నాడు. వదిన వాటిని ఎత్తుకుని లోపలికి పోయింది.

సాయంత్రం నేను ఉద్యోగం నుంచి వచ్చేసరికి ఆమె ఇరవై ఆరో దుప్పటి దగ్గరుంది. వాసన తగ్గకపోగా ఇంకా ముదిరింది. టబ్బులోకి వంగి చూస్తే నీళ్ళ మీద నూనె పొర ఏడు రంగుల్లో కదులుతోంది. బోరు పంపు కొట్టి దోసిలి పట్టాను. నా దోసిట్లోనూ అదే.

"సీసా కాదన్నయ్యా. మన నీళ్ళే."

మా పెరటి గోడకవతల ఇంధనం డిపో. నాలుగు పెద్ద ట్యాంకులు, వాటి కింద మా నాన్న కాలంనాటి గొట్టాలు. అన్నయ్య ఆ గోడ వైపు చూశాడు. తర్వాత వదిన వైపు తిరిగి, "ఆ ముక్క నువ్వు పొద్దున్నే ఏడవొచ్చుగా!" అన్నాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపించడం ఆయనకు అలవాటు. మా ఇంట్లో దుత్త ఎప్పుడూ వదినే. ఆవిడ అందుబాటులో లేకపోతే నేను.

నేను మట్టీ నీళ్ళూ పరీక్షించే ల్యాబులో టెక్నీషియన్ని. ముప్ఫై నాలుగేళ్ళొచ్చాయి, పెళ్ళి కాలేదు. అన్నయ్యకూ వదినకూ పిల్లల్లేరు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు వదిన మా ఇంటికి వచ్చింది. చదువు మానిపించి ఇస్త్రీపెట్టె నా చేతికిద్దామని అన్నయ్య అన్నప్పుడు, మూడు రోజులు పొయ్యి వెలిగించకుండా కూచుని నన్ను మళ్ళీ బడికి పంపిందావిడే.

మర్నాడు సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళి మా పెద్దసారుకు చూపించాను. ఆయన మూత తీసి వాసన చూసి, ఎదురు చూస్తున్న చుట్టం గుమ్మంలోకి వచ్చినట్టు మురిసిపోయాడు.

"డిపో వాళ్ళు మొన్ననే మన దగ్గరికొచ్చారమ్మా. నేలలోకి కారిన పెట్రోలును మట్టే మెల్లగా తినేస్తుందా, లేకపోతే తవ్వి తియ్యాల్సిందేనా, చూసి చెప్పమన్నారు. మీ ఇల్లు ఆ గోడ పక్కనే అని ఒక్కనాడైనా చెప్పావా? పాత బావి ఏమైనా ఉందా?"

"పెరట్లో ఉంది సార్. రేకు కప్పేసి ఉంటుంది."

"దాని అడుగు బురద కావాలి. గాలి తగలకుండా తేవాలి. ఈ పని నీదే. పరిశోధన పేపరు అచ్చయితే నీ పేరే ముందుంటుంది."

పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో నా పేరు రిజిస్టరులో తప్ప ఎక్కడా అచ్చు కాలేదు.

వదినా నేనూ కలిసి రేకు జరిపాం. డబ్బాకు తాడు కట్టి దింపి, నల్లటి బురద పైకి లాగాం. జాడీని బకెట్లో ముంచి, అంచుదాకా నింపి, నీళ్ళలోపలే మూత బిగించాను.

"అంత జాగ్రత్తేమిటే! గాలి తగిలితే కొంపలు మునుగుతాయా?"

"చచ్చిపోతాయి వదినా. ఈ బురదలో ఉన్న పురుగులకు గాలే విషం. ఊరికే కంటికి కనపడవు."

"మరి ఏం పీల్చి బతుకుతాయి?"

"నీళ్ళల్లో గంధకపు ఉప్పుంటుంది. మనం తిండి తిని గాలి పీల్చుకుంటామా, ఇవి పెట్రోలు తిని ఆ ఉప్పుతో ఊపిరి తీస్తాయి. ఈ కుళ్ళిన గుడ్ల కంపు వాటి నిశ్వాసే అనుకో."

వదిన కొంగుతో ముక్కు మూసుకుని లోపలికి తొంగి చూసింది. "మీ అన్నయ్య తాలూకే అయ్యుంటాయి. ఆయనా అంతే, గాలి పీల్చకుండా గంటసేపు తిట్టగలరు."

ఇద్దరం బావి గట్టు పట్టుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

ల్యాబులో ఒక గాజు పెట్టె ఉంటుంది. లోపల గాలి ఉండదు, నైట్రోజనే. పెట్టె గోడకు రెండు పొడుగాటి రబ్బరు తొడుగులుంటాయి. చేతులు వాటిలో దూర్చి, బయట నిలబడి లోపల పని చెయ్యాలి. అలా ఇరవై నాలుగు చిన్న సీసాల్లో బురద పోశాను. రబ్బరు బిరడా పెట్టి, పైన రేకు మూత నొక్కాను. ప్రతి సీసాలో ఒక చుక్క రంగు వేశాను. గాలి లేనంతసేపూ ఆ రంగు కనపడదు. ఎక్కడైనా సన్నటి చీలికలోంచి గాలి దూరిందో, సీసా గులాబీ రంగుకు తిరుగుతుంది. ఎనిమిది సీసాలను ముందే ఉడకబెట్టి చంపేశాను, పోల్చుకోవడానికి. మిగిలినవి పదహారు. చంపినవాటిలోనూ బతికున్నవాటిలోనూ సగానికి సూదితో టోలుయీన్ ఎక్కించాను, సగానికి బెంజీన్. రెండూ పెట్రోలులో ఉండేవే, మా బోరు నీళ్ళ పరీక్షలో కనపడ్డవే. బెంజీన్ డబ్బా మీద ఎర్రక్షరాల్లో ఉంది: రక్తం తయారయ్యే మూలుగను పాడు చేస్తుంది, చర్మానికి తగలనివ్వకు, ఆవిరి పీల్చకు. చదివి, చదివినట్టు పుస్తకంలో సంతకం పెట్టాను.

ప్రతి సోమవారం సీసాలోంచి సూదితో ఇంత ఆవిరి లాగి యంత్రానికిస్తే కాగితం మీద కొండల్లాంటి గీతలు గీస్తుంది. మూడు వారాలు ఏ కొండా కదల్లేదు. నాలుగో వారం టోలుయీన్ కొండ కాస్త కుంగింది. ఆరో వారానికి సగమైంది. బురద తారులా నల్లబడింది. ఒక్క సీసా కూడా గులాబీ కాలేదు. తొమ్మిదో వారం టోలుయీన్ గీత నేలమట్టమైంది. పెద్దసారు ఆ కాగితం పట్టుకుని గదిగదికీ తిరిగాడు.

బెంజీన్ కొండ మాత్రం మొదటి సోమవారం ఎంతుందో తొమ్మిదో సోమవారమూ అంతే ఉంది. చంపేసిన సీసాల్లో ఎంతో బతికున్నవాటిలోనూ అంతే.

సాయంత్రం ఇంటికి రాగానే వదిన అడిగేది. "ఏమన్నా తిన్నాయా నీ పిల్లలు?"

"ఒకటి శుభ్రంగా నాకేశాయి. ఒకదాన్ని మాత్రం ముట్టుకోవడంలేదు."

"పెంకి పిల్లలకి ఎప్పుడూ ఒకటుంటుందిలే, నోట్లో పెట్టుకోనిది. ఆకలేస్తే అదే తింటాయి."

ఆ రెండు నెలలూ అన్నయ్య బోరు వాడలేదు. తెల్లారకముందే తోపుడుబండి మీద రెండు డ్రమ్ములు పెట్టుకుని, నాలుగు వీధుల అవతలున్న కుళాయి నుంచి నీళ్ళు తోసుకొచ్చేవాడు. రోజుకు ఆరుసార్లు. తోస్తూ తిట్టేవాడు, దింపుతూ తిట్టేవాడు. ఖాతాదార్లు పోతారన్న భయంతోనే అనుకున్నాను. ఒకరోజు వదిన, "ఖాతాదార్ల కోసం కాదే. నా చేతులకి పొక్కులొచ్చాయిగా, అవి చూశారు ఆ రోజు. నోటితో ఒక్క ముక్క అనలేదు. మర్నాడు బండి కొనుక్కొచ్చారు" అంది. నేను నమ్మలేదు. నమ్మడం నాకు ఇష్టంలేదు.

డిపో సంగతి తేల్చడానికి టౌన్‌హాల్లో విచారణ పెట్టారు. మట్టి తవ్వి తీయించాలనీ, అప్పటిదాకా ట్యాంకరు నీళ్ళు పంపాలనీ మా వీధి కోరిక. వీధి తరఫున మాట్లాడేది అన్నయ్య. ల్యాబు తరఫున నేను.

ఆ పొద్దున్న మంచి బట్టలు కట్టుకుని బయటికొస్తుంటే, బల్ల దగ్గర నలుగురు ఖాతాదార్లున్నారు.

"ఏం డాక్టరమ్మా, పురుగుల పెళ్ళా?" అన్నాడు అన్నయ్య ఇస్త్రీ ఆపకుండా. "ముప్ఫై నాలుగేళ్ళకి కుదిరిన సంబంధం మరి. వరుడు సీసాలో ఉంటాడు, బిరడా తీస్తే చస్తాడు."

నలుగురూ నవ్వారు. "ఊరుకోండి, మంచి పని మీద వెళ్తోంది" అంది వదిన. "నువ్వు నోరు ముయ్యి" అన్నాడు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

హాలు గుమ్మంలో పెద్దసారు నా చెవి దగ్గరికొచ్చి, "అడిగినదానికే జవాబు చెప్పమ్మా. అడగనివి మనకెందుకు?" అన్నాడు.

మొదట అన్నయ్యను పిలిచారు. గంజిపెట్టిన చొక్కాలో లేచి నిలబడ్డాడు. ఇంట్లో కత్తిలా ఆడే నోరు అధికారి ఎదుట మొద్దుబారింది. "అయ్యా, మేం... నీళ్ళు... నీళ్ళతో బతికేవాళ్ళం" అన్నాడు. మళ్ళీ అదే అన్నాడు. వెనక వరసలో ఎవరో "ఈయన చేపేమో" అన్నారు. హాలంతా నవ్వింది. అన్నయ్య మెడ ఎర్రబడింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుపడను. నేనూ నవ్వాను.

తర్వాత డిపో మేనేజరు లేచి నన్ను అడిగాడు. "మీ సీసాల్లో ఆ సూక్ష్మజీవులు పెట్రోలు తింటున్నాయా, లేదా? ఒక్క మాటలో చెప్పండి."

నా చేతిలో కాగితం ఉంది. దాని మీద రెండు గీతలున్నాయి, ఒకటి కిందికి జారేది, ఒకటి తిన్నగా పోయేది.

"తింటున్నాయి."

"గాలి లేకుండానే?"

"గాలి లేకుండానే."

"అంటే నేల తన గాయం తనే మాన్చుకుంటోంది" అన్నాడాయన అధికారి వైపు తిరిగి. ఆయన ఇంకేమీ అడగలేదు. నేను కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నాను. తవ్వకం అవసరం లేదని అధికారి రాశాడు. నివేదిక కింద నేను సంతకం పెట్టాను.

అన్నయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాను.

"నువ్వు చెప్పింది నిజమేనా?"

"నిజమే."

"అవి తినేస్తున్నాయా మన బావిలో?"

"తింటున్నాయన్నయ్యా."

"చదువుకున్నదానివి. నువ్వు నిజమంటే నిజమే" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట విన్న మొదటి మెచ్చుకోలు అది. దాన్ని తిరిగిచ్చేయాలని ఆ క్షణాన నాకు అనిపించలేదు.

ఇంటికెళ్ళగానే, "ఏమే, రేపట్నుంచి బండి అక్కర్లేదు. నీళ్ళు బాగుపడుతున్నాయట, మన పిల్ల చెప్పింది" అన్నాడు. వదిన నా ముఖంలోకి చూసింది. నేను టీ గ్లాసు కడగడానికి లోపలికి వెళ్ళాను.

మర్నాడు పంపు కొడితే ముందులా గుప్పుమనలేదు. అన్నయ్యకు ఆ సాక్ష్యం చాలు. కాగు నింపి మంట పెట్టాడు. ఆవిరి గది తెల్లగా నిండింది. నేను ఉద్యోగానికి బయల్దేరి గుమ్మంలో నిలబడ్డాను. వదిన చేతులు మోచేతుల పైదాకా మడుచుకుని టబ్బులో పెట్టింది. తలెత్తి నన్ను చూసి, "ఆలస్యమవుతోంది, వెళ్ళవే" అంది.

వెళ్ళాను.

నెల తిరిగేలోపు ఆమె ముంజేతుల మీద నీలం మచ్చలు లేచాయి. ఏదీ తగల్లేదనేది. పక్క కొట్టు దర్జీ ఆవిడ నన్ను పక్కకు లాగి, "మీ అన్నయ్య ఇప్పుడు చెయ్యి కూడా చేసుకుంటున్నాడా?" అని అడిగింది.

"ఆయన సంగతి మీకు తెలియనిదేముంది?" అన్నాను.

వారంలో వీధంతా ఆయనతో మాట్లాడటం మానేసింది. టీకొట్టు బెంచీ మీద ఆయన కూచుంటే పక్కవాళ్ళు లేచిపోయేవారు. ఎందుకో ఆయనకు అంతుపట్టలేదు. "ఏం చేశానే నేను?" అని వదిననే అడిగేవాడు. కొట్టాడనే నేనూ నమ్మాను. అలా నమ్మినంతకాలం ఇంకో ఆలోచన రాకుండా ఉండేది.

తొలకరి పడిన రోజు, ఉతికి ఆరేసిన డాక్టరు కోటు మీద ఎర్రటి చుక్క చూసి అన్నయ్య కేకలు మొదలుపెట్టాడు. "ఉతికినదాని మీద మరకేమిటే, కళ్ళు మూసుకుని ఆరేశావా?" వదిన ఏదో చెప్పబోయి ముక్కు పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారింది. అలాగే బల్ల పక్కన కూలబడిపోయింది.

ఆసుపత్రిలో రక్తం తీసి చూసిన డాక్టరు మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచింది. "ఆమె ఒంట్లో రక్తం తయారవడం ఆగిపోయింది. ఏం పని చేస్తారామె?"

"బట్టలుతుకుతామండీ" అన్నాడు అన్నయ్య. "నీళ్ళు మంచివే. మధ్యలో డిపో పెట్రోలు కలిసింది గానీ ఇప్పుడు బాగైపోయింది. ఇదిగో, మా చెల్లెలే పరీక్ష చేసింది. ల్యాబులో పనిచేస్తుంది."

డాక్టరు నా వైపు తిరిగింది. "బెంజీన్ చూశారా?"

"ఉంది" అన్నాను.

"ఎంత?"

చెప్పాను. ఆమె కలం కింద పెట్టేసింది. "ఇది ఒక్క నెలలో వచ్చింది కాదు, ఎన్నాళ్ళనుంచో కొద్దికొద్దిగా పడుతూ ఉంటుంది. ఈ ఆఖరి నెల ఆ ఆవిరి తగలకుండా ఉన్నా ఆశ ఉండేది" అంది.

బయటి బెంచీ మీద అన్నయ్య అడిగాడు. "ఆ బెంజీనో ఏదో, అదుందని నీకెప్పుడు తెలిసింది?"

"ఈ వారమే."

ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. "నీ తప్పేముంది. నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అని ముఖం కప్పుకుని ఏడ్చాడు.

మర్నాడు బెంజీన్ కాగితాలన్నీ తీసుకుని పెద్దసారు దగ్గరికెళ్ళాను. మొత్తం విన్నాడు. "డిపో ఫైలు మూసేశారమ్మా. తెరిపించాలంటే ముందు అడిగేది ఒక్కటే, ఇంతకాలం ఎందుకు దాచావని. కింద సంతకం నీదిగా" అన్నాడు. టీ తెప్పించమంటావా అని కూడా అడిగాడు. వద్దని వచ్చేశాను.

వదిన మంచం కిటికీ పక్కన. దిండు మీద తలతో ఆమె బాగా చిన్నదైపోయింది. అన్నయ్య మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు కళ్ళు తెరిచింది.

"ఆ ముట్టుకోనిదేనా, ఇది?"

"ఏది వదినా?"

"నీ పిల్లలు నోట్లో పెట్టుకోవడంలేదన్నావే. దాని వల్లేనా నాకు?"

"అవును."

"అంటే విచారణ రోజుకే నీకు తెలుసు."

నేను ఆమె దుప్పటి అంచు సరిచేశాను.

"గుమ్మంలో నిలబడ్డప్పుడూ తెలుసు."

"తెలుసు వదినా."

ఆమె కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. తిట్టలేదు. ఏడవలేదు. మెట్ల మీద అన్నయ్య చెప్పుల చప్పుడు వినపడేదాకా అలాగే ఉంది. అప్పుడు ఇటు తిరగకుండానే అంది.

"మీ అన్నయ్యకు చెప్పకు. నేను పోయాక ఆ మనిషికి మిగిలేది నువ్వొక్కదానివే. ఆయన్ని చూసుకో. అదే నీ పని."

పదహారో రోజు పోయింది.

నేను చెప్పలేదు. లాండ్రీలోనే ఆయనకు వంట చేసి పెడుతూ, ఆయన బట్టలు మడతపెడుతూ ఉన్నాను. ఆయన తిట్టడం మానేశాడు. నన్ను చెల్లెమ్మా అని పిలుస్తాడు. కొత్త ఖాతాదారు ఎవరొచ్చినా బల్ల దగ్గర కూచోబెట్టి వదిన సంగతి చెబుతాడు. నేను పక్కనే నిలబడి రసీదులు రాస్తుంటాను.

"మా చెల్లెమ్మ ల్యాబులో పెద్ద పని చేస్తుందండీ. ఆ విషాన్ని కనిపెట్టింది కూడా ఇదే" అంటాడు. "ఒక్క నెల ముందు తెలిసుంటే, మా ఆవిణ్ణి బతికించేసేది."